తుఫాను వస్తోంది: ఇల్లు వదలాలా, ఉండాలా? తీరంలో ఉండేవాళ్లు తేల్చుకునే పద్ధతి

తుఫాను కబురు రాగానే తీరపు ఊళ్లలో మొదట వినిపించే ప్రశ్న ‘గాలి ఎంత వేగమట?’ అని. డాబా ఇల్లు ఉన్నవాళ్లు ఆ అంకె విని, తమ ఇల్లు తట్టుకుంటుందనుకుని ఉండిపోతారు. కానీ ఒక్క దెబ్బకు ఊళ్లను తుడిచిపెట్టేది ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమ మీద పడిన నీళ్లు ఐదు మీటర్ల ఎత్తు లేచి, పల్లపు నేలల్లో పది పదిహేను కిలోమీటర్లు లోపలికి వచ్చాయి. అంత నీటికి నేల మీది డాబా గదికీ పూరింటికీ తేడా లేదు. అందుకే ముందు తేల్చుకోవలసినవి రెండు: మన గడపదాకా నీళ్లు రాగలవా, వచ్చేలోపు దారి ఎప్పటిదాకా తెరిచి ఉంటుంది. ఈ రెండూ తుఫాను పుట్టకముందే తెలుసుకోవచ్చు. మన తీరానికి పెద్ద తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య, ఆ తర్వాత మే నెలలో వస్తాయి కాబట్టి సెప్టెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి ఈ లెక్క సరిచూసుకోండి.

మీ గడప ఎత్తు తెలుసుకోండి

సముద్రం ఎంత దూరం అన్నదానికన్నా మీ నేల ఎంత ఎత్తు అన్నదే ముఖ్యం. ఫోను చూపించే ఎత్తును నమ్మకండి. జీపీఎస్ ఎత్తులో పది మీటర్లు అటూ ఇటూ అవడం మామూలే, మనకు కావలసింది ఒకటి రెండు మీటర్ల తేడా. దానికన్నా ఊరి పెద్దల జ్ఞాపకం నమ్మదగ్గది. 1977లో, 1990 మేలో, 1996 నవంబరులో నీళ్లు ఏ అరుగుదాకా వచ్చాయి, ఏ గుడి మెట్టు మునిగింది, ఏ రోడ్డు మీద పడవ తిరిగింది అని అడగండి. ఆ గుర్తుకూ మీ గడపకూ ఎత్తు తేడా ఎంతో తాపీమేస్త్రీ దగ్గరుండే లెవెల్ పైపుతో కొలిపించండి. అరగంట పని. ఆ కొలత గోడ మీద రాసిపెట్టుకుంటే ఇక మీదట వచ్చే ప్రతి హెచ్చరికకూ పనికొస్తుంది.

నీళ్లు ఒడ్డు మీదుగా మాత్రమే రావు. నదీపాయల మొగలు, ఉప్పుటేళ్లు, మురుగు కాలువలు ఉప్పెనకు తలుపులు. ఒడ్డుకు ఎనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్నా, ఇంటి వెనక ఉప్పుటేరు ఉంటే మీరు తీరంలో ఉన్నట్టే. మురుగు కాలువ సముద్రంలో కలిసే చోట నీటిమట్టం పెరిగితే వాననీళ్లు బయటికి పోలేక వెనక్కి ఎగదన్నుతాయి, సముద్రపు చుక్క రాకుండానే ఊరు మునుగుతుంది. కరకట్ట ఉంది కదా అని ధైర్యపడేవాళ్లు ఒకటి గమనించాలి. కట్ట ఎత్తు దాటని ఉప్పెననే అది ఆపుతుంది. ఒకసారి నీళ్లు కట్ట పొర్లినా, గండి పడినా లోపల నిండిన నీళ్లు పోవడానికి దారి ఉండదు.

తీరమంతా ఒకే తీరుగా ఉండదు. కృష్ణా, గోదావరి డెల్టాల ముందు సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. గాలి తోసుకొచ్చిన నీళ్లకు కిందికి పోయే చోటు లేక ఎత్తుకు లేస్తాయి. విశాఖ దగ్గర లోతు త్వరగా పెరుగుతుంది, అందుకే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను (గాలి ఆగి ఉండే నడిమి భాగం) నగరం మీదుగా వెళ్లినా అక్కడ నమోదైన ఉప్పెన మీటరున్నర లోపే. అదే గాలి నాగాయలంక మీదో, అంతర్వేది మీదో వీచి ఉంటే లెక్క వేరు. కాబట్టి విశాఖ బంధువు ‘మేము ఇంట్లోనే ఉన్నాం, ఏమీ కాలేదు’ అన్న మాట డెల్టాలో ఉన్నవాళ్లకు కొలత కాదు.

తుఫానుకు కుడివైపా, ఎడమవైపా

బంగాళాఖాతంలో తుఫాను గాలులు గడియారపు ముళ్లకు ఎదురుగా తిరుగుతాయి. పడమరగా వచ్చి మన తీరం దాటే తుఫానుకు కుడివైపున, అంటే ఉత్తరాన, ఈశాన్యాన ఉన్న ఊళ్ల మీదికి గాలి సముద్రం నుంచి నేలకు వీస్తుంది. ఉప్పెన అక్కడే. ఎడమవైపు గాలి నేల నుంచి సముద్రానికి వీస్తుంది, అక్కడ నీళ్లు వెనక్కి పోవచ్చు కూడా. 1977 తుఫాను కేంద్రం చీరాల ప్రాంతంలో తీరం దాటింది. సర్వనాశనమైంది దానికి కుడివైపున్న దివిసీమ.

‘తుఫాను బాపట్ల దగ్గర దాటుతుందట, మనకేం కాదు’ అని మచిలీపట్నం వైపు వాళ్లు అనుకోవడం ఇందుకే ప్రమాదం. తీరం దాటే చోటుకు ఉత్తరాన వంద కిలోమీటర్లలోపు ఉంటే ఆ తుఫాను మీదే అనుకోండి. దక్షిణాన ఉన్నా ధీమా పనికిరాదు. 24 గంటల ముందు వేసే అంచనాలో కూడా సగటున డెబ్బై ఎనభై కిలోమీటర్ల తేడా వస్తుంది. మచిలీపట్నం నుంచి నరసాపురానికి దూరం అంతే.

గాలి మొదలయ్యాక దిక్కు మారే తీరు చూసి మీరు ఏ వైపున ఉన్నారో చెప్పవచ్చు. ఈశాన్యపు గాలి తూర్పుకు, అక్కడి నుంచి ఆగ్నేయానికి తిరుగుతుంటే కేంద్రం మీకు దక్షిణంగా వెళ్తోంది, మీరు ఉప్పెన వైపున ఉన్నారు. ఉత్తరం నుంచి వాయవ్యానికి, పడమరకు తిరుగుతుంటే మీరు ఎడమవైపున ఉన్నారు. ఇది తెలిసేసరికి బయల్దేరే వేళ దాటిపోయి ఉంటుంది. పై అంతస్తుకు ఎక్కాలా వద్దా తేల్చుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

బులెటిన్‌లో ఏం చూడాలి

వాతావరణ శాఖ హెచ్చరికలు మెట్లుమెట్లుగా వస్తాయి. తీరం మీద ప్రభావం మొదలవడానికి దాదాపు 72 గంటల ముందు ముందస్తు సూచన, 48 గంటల ముందు పసుపు రంగు అలర్టు, 24 గంటల ముందు నారింజ రంగు హెచ్చరిక, చివరి 12 గంటల్లో ఎరుపు. పల్లపు ఊళ్ల వాళ్లు నారింజ రంగులోనే కదలాలి. ఎరుపు వచ్చేది లోపల తలుపులు బిగించుకుని కూర్చోవలసిన వేళకు.

ప్రతి బులెటిన్‌లో ముందు అది ఏ రోజు, ఎన్ని గంటలకు విడుదలైందో చూడండి. వాట్సాప్‌లో నిన్నటి బులెటిన్, ఒక్కోసారి ఏళ్ల కిందటి తుఫాను మ్యాపు తిరుగుతుంటాయి. తర్వాత కేంద్రం మీకు దగ్గరి పట్టణానికి ఎంత దూరంలో ఉంది, గత ఆరు గంటల్లో ఎంత వేగంతో కదిలింది, ఉప్పెన ఎత్తు ఎంత చెప్పారు అన్నవి రాసుకోండి. ఉప్పెన అంచనాలు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం కంప్యూటర్ నమూనాల నుంచి వస్తాయి. అక్కడ ‘1.5 మీటర్లు’ అని ఉంటే అది మామూలు పోటు మట్టానికి పైన. పోటు వేళ అయితే రెండూ కలుస్తాయి, దాని మీద అలల ఎత్తు వేరే. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు మరీ ఎక్కువ. ‘తీరం దాటేసరికి పాటు (నీళ్లు తగ్గే) వేళ’ అన్న ఆశతో మాత్రం ఆగవద్దు. పోటుకూ పాటుకూ మధ్య ఆరు గంటలే, తుఫాను అంతమాత్రం ఆలస్యం కావడం వింతేమీ కాదు.

ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరిక నంబర్లు ఓడల కోసం, రేవుల కోసం పెట్టినవి. పదో నంబరు అంటే తీవ్రమైన తుఫాను ఆ రేవు మీదుగానో, దగ్గరగానో దాటుతుందని. ‘మన రేవులో ఇంకా మూడే కదా’ అని ఇంటి నిర్ణయం వాయిదా వేయడం తప్పు.

బలహీనపడుతుందేమో అని ఎదురుచూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. నిజమే, 2013 నవంబరు 28న లెహర్ తుఫాను మచిలీపట్నం దగ్గరికి వచ్చేసరికి వాయుగుండంగా తగ్గిపోయింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర దాటిన తిత్లీ ఇందుకు పూర్తిగా ఎదురు, వేగంగా బలపడి అతి తీవ్ర తుఫానుగా వచ్చి పడింది. రెండూ చివరి రోజుల్లోనే మారాయి. ఊరికే వెళ్లి రావడానికి అయ్యేది ఒక రాత్రి నిద్ర, కాస్త ఖర్చు. ఆ ఖర్చుకు సిద్ధపడనివాళ్లు తుఫాను మారే తీరును పందెం కాస్తున్నారు.

గంటలు వెనక్కి లెక్కపెట్టండి

టీవీ చెప్పే ‘తీరం దాటే సమయం’ తుఫాను కేంద్రానిది. దారులు మూసుకుపోయేది దానికి చాలా గంటల ముందే.

ఉదాహరణకు ఉదయం 10:30కి కేంద్రం మచిలీపట్నానికి 240 కి.మీ. దూరంలో ఉంది, గంటకు 15 కి.మీ. కదులుతోంది అనుకోండి. 240ని 15తో భాగిస్తే 16 గంటలు, అంటే తెల్లవారుజామున 2:30. పెనుగాలి కేంద్రం చుట్టూ 120 కి.మీ. మేర ఉంటే అది మీ దగ్గరికి ఎనిమిది గంటల ముందే, సాయంత్రం 6:30కే చేరుతుంది. ఇప్పుడు వేగం 20 కి.మీ.కి పెరిగితే? కేంద్రం రాత్రి 10:30కి, గాలి సాయంత్రం 4:30కి. ఈ రెండో లెక్కనే పట్టుకోవాలి. గాలికి రెండు మూడు గంటల ముందు నుంచే వాన జల్లులు, ఈదురుగాలులు, విరిగే కొమ్మలు. అక్కడికి మధ్యాహ్నం 1:30 మీ ఆఖరి గడువు. బైకు మీద వెళ్లేవాళ్లు ఇంకా ముందే, ఎందుకంటే గంటకు 50 కి.మీ. గాలి దాటితే గట్టు మీద బండి నిలవదు.

దారిలో పంటు గానీ పడవ గానీ ఉంటే ఈ గడువు కూడా చెల్లదు. ఎదురుమొండి, ఈలచెట్లదిబ్బ లాంటి దీవుల వాళ్లకు, లంక గ్రామాల వాళ్లకు రేవు మూసేసిన క్షణమే గడువు. రేవు నడిపేవాళ్లు పంటు ఎప్పుడు కట్టేస్తారో ముందురోజే అడిగి, పిల్లలనూ ముసలివాళ్లనూ ఆ సాయంత్రమే దాటించేయండి. కాజ్‌వే దాటాల్సిన ఊళ్లకూ అంతే. మోకాలి లోతు పారే నీరు పెద్దమనిషిని పడగొడుతుంది, రెండడుగులు దాటితే కారు తేలిపోతుంది.

ఎవరు ఆలోచించకుండా బయల్దేరాలి

పూరిల్లు, రేకుల ఇల్లు, పాత పెంకుటిల్లు, మట్టిగోడల ఇల్లు ఉన్నవాళ్లు నీటి లెక్కతో పని లేకుండా వెళ్లాలి. గాలి గంటకు 90 కి.మీ. దాటితే పూరికప్పు నిలవదు. సిమెంటు రేకు విరిగి ఎగిరితే దానికి కత్తి అంచే. గడప పాత నీటిగుర్తు కంటే పల్లంలో ఉన్న డాబావాళ్లూ వెళ్లాలి. కొండవాలున ఇళ్లు కట్టుకున్నవాళ్లకు, ముఖ్యంగా విశాఖ కాలనీల్లో, భయం వాన వల్ల. మట్టి జారితే గంట ముందు కూడా తెలియదు.

నెలలు నిండిన గర్భిణిని రెండురోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి. ఆశా కార్యకర్తకు చెబితే ఏర్పాటు చేస్తారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లు తర్వాతి విడతను ముందుకు జరిపించుకోవాలి. ఆక్సిజన్ యంత్రం మీద ఉన్నవాళ్లకు కరెంటు పోవడమే ప్రాణగండం, ఇల్లు ఎంత గట్టిదైనా వాళ్లను కదిలించాలి.

అందరికన్నా ఎక్కువగా మరిచిపోయేది రొయ్యల చెరువుల గట్ల మీద, ఉప్పుమడుల దగ్గర కాపలా ఉండేవాళ్లను. గట్టు మీది రేకుల షెడ్డు ఉప్పెనకు మొదటి అడ్డం. నీటిలో గాలి కలిపే ఏరేటర్ల కోసం, జనరేటర్ కోసం మనిషిని అక్కడ ఉంచే చెరువు యజమాని ఆ మనిషి ప్రాణాన్ని పణంగా పెడుతున్నాడు. వాళ్లలో వేరే రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు ఉంటారు, మైకులో తెలుగులో చెప్పింది వాళ్లకు అర్థం కాదు. ఊరు ఖాళీ చేసే ముందు ఎవరో ఒకరు స్వయంగా వెళ్లి పిలవాలి.

ఎక్కడికి వెళ్లాలి

హైదరాబాద్ దాకా పరుగెత్తనక్కర్లేదు. హైవే మీద చెట్లు పడి, నీళ్లు నిలిచి దారిలో చిక్కుకోవడం ఇంట్లో ఉండటం కన్నా మేలేమీ కాదు. ఊరి తుఫాను షెల్టరు గానీ, పది పదిహేను కిలోమీటర్ల లోపల మెరక మీద పక్కా ఇల్లున్న బంధువులు గానీ చాలు.

షెల్టరును ముందే చూసి రండి. స్తంభాల మీద కట్టి కింది భాగం ఖాళీగా వదిలింది అందుకే, నీళ్లు కిందినుంచి పోతాయి. తాళం ఎవరి దగ్గర ఉంది, రాత్రిపూట ఆ మనిషి ఊళ్లో ఉంటాడా, పైన నీళ్ల ట్యాంకు నిండుతుందా, మరుగుదొడ్లకు తలుపులున్నాయా, జనరేటరులో డీజిలు ఉందా అన్నవి గ్రామ సచివాలయంలో గానీ వీఆర్వోను గానీ అడగండి. ఆడవాళ్లు షెల్టరుకు రావడానికి వెనకాడేది చాలాచోట్ల మరుగుదొడ్ల వల్లే, సెప్టెంబరులోనే అది బాగుచేయిస్తే నవంబరులో బతిమాలే పని ఉండదు. బడిలో పెట్టేట్టయితే పై అంతస్తు ఉన్న స్లాబు భవనమే కావాలి. ముసలివాళ్లను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి ఇద్దరు మోస్తే మెట్లు సులువు.

బయల్దేరే ముందు

సంచిలో పెట్టవలసినవి: ఆధార్, బియ్యం కార్డు, పట్టాదారు పాస్‌పుస్తకం, బ్యాంకు పుస్తకం రెండు పాలిథిన్ కవర్లలో, ఒకదాంట్లో ఒకటి పెట్టి మూతి కట్టేసి. వారానికి సరిపడా మందులు. చిన్న నోట్ల డబ్బు, టవర్లు పోతే ఫోనులో డబ్బు ఉన్నా లేనట్టే. మనిషికి రోజుకు మూడు లీటర్ల తాగునీరు, నలుగురికి మూడు రోజులంటే రెండు ఇరవై లీటర్ల క్యాన్లు. అటుకులు, బెల్లం, వేయించిన పల్లీలు, చంటిపిల్లలుంటే పాలపొడి. టార్చి, పవర్ బ్యాంకు. నగలు ఇంట్లో దాచి వెళ్లకండి, ఒంటి మీదో సంచిలోనో తీసుకెళ్లండి. వాటి కాపలాకని మగవాళ్లు ఒక్కొక్కరుగా ఉండిపోవడం వల్లే ఎన్నో ప్రాణాలు పోతాయి.

మెయిన్ స్విచ్ ఆపండి. గ్యాస్ రెగ్యులేటర్ తీసి సిలిండరును కిటికీ ఊచలకు కట్టేయండి, సగం ఖాళీ సిలిండరు నీళ్లలో తేలి గోడలను గుద్దుతుంది. మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకును నిండా నింపండి, ఖాళీదైతే గాలికి ఎగిరిపోతుంది. కొబ్బరి చెట్లకు ముదురు కాయలు, ఎండు మట్టలు ముందే దింపించండి. గాలి ఒత్తిడి సమానమవుతుందని ఒక కిటికీ తెరిచి పెట్టే అలవాటు కొందరికి ఉంది, అది తప్పు. లోపలికి దూరిన గాలి కప్పును కిందినుంచి ఎత్తేస్తుంది. అన్నీ మూయాలి.

పశువులను గొలుసుతో, పలుపుతో కట్టేసి వెళ్లవద్దు. మెరకకు తోలగలిగితే తోలండి, లేకపోతే పలుపు విప్పి కొట్టం తలుపు తెరిచి వదిలేయండి. విప్పిన గొడ్డు ఈదుకుంటూ గట్టు పట్టుకుంటుంది. పడవలను ఒడ్డు మీద వీలైనంత పైకి లాగి, ఇంజనూ వలలూ విప్పి తీసుకెళ్లండి. గాలి మొదలయ్యాక తాడు బిగించడానికి రేవుకు వెళ్లవద్దు.

ఉండిపోయే ఇల్లు అయితే

నీటిగుర్తుకు బాగా ఎత్తున, స్లాబు ఇంట్లో, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లయితే ఉండవచ్చు. అపార్ట్‌మెంటుల వాళ్లు నీళ్లు వారానికి సరిపడా పట్టుకోండి. హుద్‌హుద్ తర్వాత విశాఖలో రోజుల తరబడి కరెంటు లేక మోటార్లు నడవలేదు. గాజు కిటికీలకు టేపు అంటిస్తే అద్దం ఆగదు, ప్లైవుడ్డు బిగించండి, అది లేకపోతే కిటికీ లేని లోపలి గదిలో ఉండండి.

గాలి ఒక్కసారిగా ఆగి ఆకాశం తేటపడితే బయటికి రావద్దు. అది తుఫాను కన్ను. కొంతసేపటికి గాలి అవతలి దిక్కు నుంచి, ఉత్తరం నుంచి వీచింది దక్షిణం నుంచి, అంతే బలంతో మొదలవుతుంది. మొదటి గాలికి సగం విరిగిన చెట్లు, స్తంభాలు అప్పుడే పడతాయి. ఇంట్లోకి నీళ్లు చేరడం మొదలైతే వీధిలోకి దిగకుండా పై అంతస్తుకు ఎక్కండి. సాయానికి 112, జిల్లా కంట్రోల్ రూముకు 1077, రాష్ట్రానికి 1070.

తిరిగి వచ్చేటప్పుడు

తీరం దాటి వాయుగుండంగా మారాక గాలి తగ్గినా వాన ఆగదు, ఏరులు మర్నాడు పొంగుతాయి. అధికారులు చెప్పాకే కదలండి. తెగిన తీగలుంటే కరెంటు వాళ్లు వచ్చేదాకా ఆ వీధి వదిలేయండి. ఇంట్లో మొదటి పని ఫోటోలు: గోడ మీద నీటి మరక, పడిన కప్పు, పాడైన సామాన్లు, చేను, పడవ. కడిగేశాక నష్టం రాసుకునే సిబ్బందికి చూపించడానికి ఏమీ మిగలదు. బీరువాలూ గోనె సంచులూ కర్రతో తట్టి చూసి ముట్టుకోండి, పాములు పొడి చోటు వెతుక్కుని చేరి ఉంటాయి. ఉప్పునీళ్లు చేరిన బావిని తోడించి, క్లోరిన్ వేయించి, నీళ్లు పరీక్ష చేయించేదాకా ఆ నీళ్లు మనుషులూ తాగకూడదు, పశువులకూ పెట్టకూడదు.